ముందు ప్రశ్న, తర్వాతే పరికరం

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఓ పెద్ద వస్తువు వచ్చి దిగింది. చుట్టుపక్కల జనం బళ్లేసుకుని పోయి చూశారు. అంతరిక్ష నౌక అన్నవాళ్లు ఉన్నారు, గ్రహాంతరవాసుల బండి అన్నవాళ్లూ ఉన్నారు. ఫోన్లు బయటికొచ్చాయి, సెల్ఫీలు పడ్డాయి. తర్వాత సంగతి తేలింది. అది హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ నమూనా. పర్యాటకులను బెలూన్ మీద పైకి తీసుకెళ్లి భూమి వంపు చూపించాలన్నది ఆ కంపెనీ ఆలోచన. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే బెలూన్ కేంద్రం నుంచి, లోపల మనుషులెవరూ లేకుండా, పరీక్ష కోసం దాన్ని ఎగరేశారు.

అలాంటి వస్తువు ఊళ్లో దిగిన మర్నాడు బడిలో ఏం జరగాలి? సెల్ఫీలు చూసుకోవడంతో ఆగిపోవచ్చు. లేదా బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాయొచ్చు. అంత బరువును బెలూన్ ఎలా మోసింది? పైకి పోతూ పోతూ ఒక ఎత్తులో ఎందుకు ఆగింది? హైదరాబాద్‌లో ఎగిరింది పడమరనున్న మర్పల్లికే ఎందుకొచ్చింది? దిగేటప్పుడు ముక్కలు కాకుండా ఏది కాపాడింది? ఆర్కిమెడిస్ సూత్రం, వాతావరణ పీడనం, గాలుల దిశలు, గాలి నిరోధం అన్నీ ఆ నాలుగింటిలోనే ఉన్నాయి. చివరి ప్రశ్నకు ఓ పాలిథిన్ సంచి, నాలుగు దారాలు, ఓ చిన్న రాయి చాలు. సంచి సైజు మారుస్తూ మేడ మీది నుంచి వదిలి, ఎన్ని సెకన్లకు నేల తాకిందో రాసుకుంటే అది ప్రయోగం. అయ్యే ఖర్చు సున్నా.

ఈ అధ్యాయం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వనరులు లేవని బాధపడే బడుల్లో చాలావాటికి నిజంగా లేనిది సామగ్రి కాదు, ప్రశ్న. ప్రశ్న ఉన్న బడికి మనుషులు దొరుకుతారు. మనుషులు దొరికితే వస్తువులు వస్తాయి. డబ్బు అన్నిటికన్నా చివర రావాలి. మనం ఈ వరసను తిరగేసి ముందు డబ్బు, తర్వాత పరికరాలు అంటాం. అందుకే పరికరాలు వచ్చాక కూడా అవి బీరువాలో తాళం వెనకే ఉండిపోతాయి.

మీరు టీచరైనా, బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులైనా, తొమ్మిదో తరగతి చదివే పిల్లలైనా ముందుగా ఒక నోటుబుక్కు తీసుకోండి. పేజీని నిలువుగా నాలుగు గళ్లు చేయండి. మొదటి గడిలో ప్రశ్న, రెండో గడిలో ఆ సంగతి తెలిసినవాళ్లు, మూడో గడిలో కావలసిన వస్తువులు, నాలుగో గడిలో అయ్యే ఖర్చు. ఇకపై చెప్పేదంతా ఈ నాలుగు గళ్లు నింపే పద్ధతే.

1. నడిచి పోయే దూరంలో ఉన్న ప్రయోగశాల

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, అదే వికారాబాద్ జిల్లాలోని తాండూరు బళ్లు రాళ్ల నమూనాల పెట్టె కోసం ఇండెంట్లు పెడుతుంటాయి. తాండూరు కాళ్ల కింద ఉన్నది భీమా పరీవాహక సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో పొర మీద పొరగా పేరుకున్న రాయి కాబట్టే ఉలి పెడితే పలకలుగా విడిపోతుంది, అందుకే నాపరాయి అయింది. అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు వికారాబాద్ వైపు వచ్చి అనంతగిరి గుట్టలు ఎక్కితే రాయి మారిపోతుంది. అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొంగి గడ్డకట్టిన దక్కన్ నల్లరాయి, దాని మీద ఎర్రటి జేగురు రాయి. అవక్షేప శిల, అగ్నిశిల అని పుస్తకంలో చదివే రెండూ ఒక్క రైలు ప్రయాణంలో చేతికి అందే జిల్లా ఇది.

ఇప్పుడు ప్రయోగం. నాపరాయి పొడి మీద నిమ్మరసం పిండండి, బుడగలు వస్తాయి. ల్యాబులో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటే ఇంకా బాగా కనిపిస్తాయి, అయితే ఆ పని టీచరే చేయాలి. ఎర్రరాయి పొడి మీద అదే రసం వేసి తేడా చూడండి. బుడగలన్నీ కార్బన్ డయాక్సైడ్. ఇక్కడి నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి ఒక్క అడుగు. తాండూరు దగ్గర కరణ్‌కోటలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. అక్కడ కొలిమిలో జరిగేది పదో తరగతి రసాయన సమీకరణమే. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను కాలిస్తే 56 గ్రాముల సున్నం మిగులుతుంది, 44 గ్రాములు వాయువుగా గాలిలో కలుస్తుంది. సున్నపురాయితో ముందే కలిపిన బంకమన్నుతో పాటు ఆ సున్నం సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలితే క్లింకర్ తయారవుతుంది. బొగ్గు అసలు వాడకుండా కాల్చినా ఆ 44 గ్రాములు ఎక్కడికీ పోవు కదా అని ఒక పిల్ల అడిగిందనుకోండి, ప్రపంచ సిమెంటు పరిశ్రమ తలపట్టుకున్న ప్రశ్నను ఆ పిల్ల మీ తరగతి గదిలో అడిగినట్టే.

ఇంజినీరింగు పాఠం కావాలంటే నాపరాయి పాలిషింగ్ యూనిట్ దగ్గరికి వెళ్లండి. అక్కడ పారేసే సన్నటి ముక్కలు ఊరికే ఇస్తారు. రెండడుగుల ముక్కను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, మధ్యలో బకెట్ వేలాడదీసి కొంచెం కొంచెం ఇసుక పోయండి. ఏ బరువు దగ్గర విరిగిందో రాయండి. పగులు పైనుంచి మొదలైందా, కింది నుంచా? కింది నుంచే. రాయి నొక్కుడును తట్టుకుంటుంది గానీ లాగుడును తట్టుకోలేదు. స్లాబు పోసేటప్పుడు మేస్త్రి ఇనుప చువ్వలను అడుగు భాగంలో ఎందుకు పరుస్తాడో ఆ రోజు పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాళ్లకు బూట్లు, బకెట్ కింద గోనెసంచి, అందరూ మూడడుగుల దూరం: ఈ మూడూ తప్పనిసరి.

అదే యూనిట్‌లో ఇంకో ప్రశ్న ఉంది. “అన్నా, బ్లేడు మీద నీళ్లెందుకు పోస్తున్నరు?” అని అడిగిస్తే చాలు. వేడి తగ్గించడానికి, దుమ్ము లేవకుండా ఉండటానికి అని పనివాళ్లు చెబుతారు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుంది? ఆ తెల్లటి బురద నీళ్లు ఎక్కడికి పోతాయి? సీసాలో ఆ నీళ్లు పట్టి తేరుకోవడానికి ఎంతసేపు పడుతుందో, చిటికెడు పటిక వేస్తే ఎంత తగ్గుతుందో కొలవొచ్చు. ఎండిన బురదతో ఇటుక చేయొచ్చా అన్నది ఏడాది పొడవునా సాగే ప్రాజెక్టు. తాండూరు సమస్యకు తాండూరు పిల్లలు వెతికే జవాబు అది. రెడీమేడ్ అగ్నిపర్వతం నమూనాకన్నా దాని విలువ ఎంతో ఎక్కువ.

జీవశాస్త్రానికి కందిచేను చూడండి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సున్నపురాయి నిక్షేపాలున్న లోతైన నల్లరేగడిలో అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉండటాన్ని ఆ పంట ప్రత్యేకతకు ఒక కారణంగా చెప్పారు. రైతు అనుమతితో ఒక మొక్కను వేళ్లతో సహా నెమ్మదిగా తవ్వి తీయండి. వేళ్ల మీది బుడిపెలను కోసి చూస్తే చురుగ్గా పనిచేసేవి లోపల గులాబీ రంగులో ఉంటాయి. గాలిలోని నత్రజనిని నేలకు అందించే బాక్టీరియా కాపురం అక్కడే. మన రైతులు కంది వేసిన చేలో మరుసటేడు ఇంకో పంట బాగా వస్తుందని ఎందుకంటారో అడగండి. తాండూరులోనే వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తల పని కందే. నోటుబుక్కు రెండో గడి నిండిపోయింది.

వికారాబాద్ పిల్లలకు మూసీ ఉంది. అనంతగిరిలో పుట్టి, హైదరాబాద్ మీదుగా పోయి కృష్ణలో కలిసే నది. 1908 సెప్టెంబరు 28న అదే నది హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నగరానికి ఎగువన జలాశయాలు కట్టాలని నిర్ణయించి, 1920 నాటికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ పూర్తి చేశారు. అంటే మీ బడి పైకప్పు మీద పడే చినుకుకూ రాజధాని వరదకూ సంబంధం ఉంది. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి తిరగేసి గరాటులా పెట్టి, అడుగున వంపులు మునిగేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీసి, స్కేలు అంటిస్తే వర్షమాపకం తయారు. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజూ పొద్దున ఒకే వేళకు రీడింగు తీయండి. రాష్ట్ర ప్రభుత్వం మండలాల్లో ఏర్పాటు చేసిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి. మీ సీసా లెక్కతో పోల్చండి. తేడా వస్తే మంచిదే. ఆ తేడా ఎందుకొచ్చిందో వెతకడమే సైన్సు.

భౌతికశాస్త్రానికి రైల్వే స్టేషన్ చాలు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యం వేయించిన లైను 1874 నాటిది. తాండూరు, వికారాబాద్ రెండూ దాని మీదే ఉన్నాయి. పైన తీగలో 25,000 వోల్టులు ఎందుకు, పట్టాల కింద కంకర ఎందుకు, జంక్షన్‌లో బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు ఎలా మళ్లుతుంది? ప్లాట్‌ఫాం మీద నిలబడి అడగగలిగే ప్రశ్నలివి. ఇక పూడూరు మండలం దామగుండంలో 2024 అక్టోబరు 15న నౌకాదళ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. జనం రాడార్ అంటున్నా నిజానికి అది జలాంతర్గాములతో మాట్లాడే అతి తక్కువ పౌనఃపున్య రేడియో కేంద్రం. సెకనుకు 20,000 కంపనాలుండే తరంగం పొడవెంతో కట్టించండి: 15 కిలోమీటర్లు. అంత పొడవు తరంగమైతేనే ఉప్పునీళ్లలోకి కొంత లోతు దిగుతుంది. అడవి పోతుందని పర్యావరణవాదులు దాన్ని వ్యతిరేకించారు. తరగతిని రెండు జట్లు చేసి వాదింపజేయండి. దేశ రక్షణ, అడవి రెండింటికీ లెక్కలు, ఆధారాలు తేవాలని షరతు పెట్టండి.

2. మనుషులే పెద్ద వనరు

నోటుబుక్కులో రెండో గడి మీద ఎక్కువసేపు కూర్చోండి. మోటారు చుట్టే మెకానిక్కుకు విద్యుదయస్కాంతం గురించి తెలిసినంత చాలామంది పట్టభద్రులకు తెలియదు. వెల్డింగు షాపు, బోరు మోటారు మరమ్మతు, సోలార్ ప్యానెళ్లు బిగించే కుర్రాడు, ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్, ఐటీఐ బోధకులు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, ఊరి నుంచి వెళ్లి ఇంజినీర్లయిన పూర్వ విద్యార్థులు: ఈ జాబితాను పిల్లలతోనే రాయించండి. మా మామయ్య ఉన్నాడు, మా చిన్నాన్న ఉన్నాడు అంటూ నాలుగు పేజీలు నింపేస్తారు.

అడిగే పద్ధతి ముఖ్యం. “మా బడికి వచ్చి పిల్లలకు సైన్సు గురించి చెప్పండి సార్” అంటే ఎవరైనా భయపడతారు, వచ్చినా ఉపన్యాసమిచ్చి పోతారు. దానికి బదులు ఇలా అడిగి చూడండి: “అన్నా, శనివారం నలభై నిమిషాలు రా. ఒక కాలిపోయిన మోటారు తేవాలె. పిల్లల ముందు విప్పి చూపియ్యాలె. ప్రశ్నలు వాళ్లే అడుగుతరు.” పని ఏమిటో, ఎంతసేపో, ఏం తేవాలో స్పష్టంగా ఉంది. ఇలాంటి పిలుపుకు కాదనేవాళ్లు తక్కువ.

దూరంగా ఉన్నవాళ్ల కోసం కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్ ఉంది. 2021 సెప్టెంబరులో కొత్త రూపంలో మొదలైన దీనిలో ప్రభుత్వ బడి తనకు ఏ సాయం కావాలో పెట్టొచ్చు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు సమయాన్నో వస్తువులనో ఇవ్వొచ్చు. జన విజ్ఞాన వేదిక 1988 నుంచి తెలుగు నేల మీద పనిచేస్తున్న సంస్థ. దాని కార్యకర్తల్లో టీచర్లు చాలామంది. వాళ్లు నడిపే చెకుముకి పత్రిక, ఆ పేరుతో జరిపే ప్రతిభా పరీక్షలు పల్లె బళ్లకు బాగా అలవాటే.

3. ఉచితంగా దొరికేవి

ఉచిత వనరులతో వచ్చే చిక్కు అవి ఎక్కువగా ఉండటం. ప్రశ్న లేకుండా ఫోను తెరిస్తే గంట గడిచిపోతుంది. ప్రశ్నతో తెరిస్తే పది నిమిషాల్లో పని అవుతుంది. ఐదింటిని గుర్తుపెట్టుకుంటే చాలు.

దీక్ష: పాఠ్యపుస్తకంలో పాఠం పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను ఫోనులో ఈ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. ముందు మీరు చూసి, పనికొచ్చే మూడు నిమిషాలనే తరగతిలో చూపండి.

టీ-శాట్: రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానళ్లు, నిపుణ, విద్య. టీవీలోనే కాకుండా యూట్యూబ్‌లోనూ ఉంటాయి కాబట్టి ఎప్పుడైనా చూడొచ్చు.

ఫెట్: అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన బొమ్మల ప్రయోగశాల. విద్యుత్ వలయాలు, లోలకం, అణువుల నిర్మాణం లాంటివాటిని తెర మీద కదిపి చూడొచ్చు. తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. ముందు నిజం బల్బు, నిజం తీగలతో చేయించి, తర్వాతే ఇది చూపండి.

అరవింద్ గుప్తా బొమ్మలు: 1975లో ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగు పూర్తిచేసి, పిల్లల కోసం చెత్త నుంచి సైన్సు బొమ్మలు చేయడానికే జీవితం ఇచ్చిన మనిషి. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉచితంగా దొరుకుతాయి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో ఘనాకృతులు కట్టించే ఆయన పద్ధతి లెక్కల టీచర్లకూ పనికొస్తుంది.

భువన్: ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009లో తెచ్చిన ఉపగ్రహ పటాల వేదిక. తాండూరు చుట్టూ ఉన్న క్వారీలను పైనుంచి చూసి, మీ బడి నుంచి ఎంత దూరమో కొలవమనండి.

సామగ్రి తక్కువైతే పాఠం పలుచబడుతుందన్న భయం మీకుంటే హోషంగాబాద్ కథ తెలుసుకోండి. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 పల్లె బళ్లలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం, చవకైన కిట్లు పెట్టుకుని పిల్లలే ప్రయోగం చేసి, పిల్లలే నిర్ధారణకు వచ్చేలా నడిచింది. 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా మూడు దశాబ్దాలు సాగింది. దాన్ని నిలబెట్టింది టీచర్ల నెలవారీ సమావేశాలు, పిల్లల ప్రశ్నలు. మన వైపు అగస్త్య ఫౌండేషన్ 1999లో మొదలై, కుప్పం దగ్గర క్యాంపస్ పెట్టుకుని, వ్యాన్లలో ప్రయోగాలను బళ్లకు తీసుకెళ్లే పని చేస్తోంది.

4. పోటీలు: బహుమతి కోసం మాత్రమే కాదు

పోటీకి తేదీ ఉంటుంది, తేదీ ఉంటే పని జరుగుతుంది. పోటీల అసలు లాభం అదే. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఇన్‌స్పైర్ మనక్‌లో బడి తరఫున ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. ఎంపికైన విద్యార్థి ఖాతాలో నమూనా తయారీకి 10,000 రూపాయలు పడతాయి. మొదట 6 నుంచి 10వ తరగతి వరకే ఉన్న ఈ పథకాన్ని తర్వాత 11, 12 తరగతులకూ విస్తరించారు. ఆలోచన పంపేముందు ఒక్క పరీక్ష పెట్టండి: ఈ సమస్య ఎవరిది, వాళ్ల పేరు చెప్పగలవా? “బండలు ఎత్తే మా నాన్న నడుము నొప్పి” అన్న పిల్లవాడి ఆలోచన, ఇంటర్నెట్ నుంచి దించిన స్మార్ట్ డస్ట్‌బిన్ కన్నా ముందుంటుంది.

10 నుంచి 17 ఏళ్ల పిల్లలకు జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి జరుగుతోంది. స్థానిక సమస్య మీద పరిశోధన దాని ప్రాణం, పాలిషింగ్ బురద ప్రాజెక్టుకు ఇది సరైన చోటు. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలో గెలిచినవాళ్లు రాష్ట్రానికి, అక్కడి నుంచి దక్షిణ భారత సైన్స్ ఫెయిర్‌కు పోవచ్చు. 9వ తరగతి పిల్లలకు ఇస్రో 2019లో యువికా కార్యక్రమం మొదలుపెట్టింది. ఎంపికలో పల్లె బళ్ల పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. వీటన్నిటి తేదీలు, సర్క్యులర్లు జిల్లా విద్యాశాఖ కార్యాలయంలోని జిల్లా సైన్స్ అధికారి దగ్గరికి వస్తాయి. జూన్‌లోనే ఒకసారి వెళ్లి పరిచయం చేసుకోండి. గడువు ముందు రోజు వెళ్లేవాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఒక హెచ్చరిక. దుకాణంలో కొన్న థర్మాకోల్ నమూనాతో పోటీకి పంపకండి. బహుమతి వచ్చినా పిల్లవాడు నేర్చుకునేది కొనుక్కోవడమే.

5. డబ్బు అడిగే పద్ధతి

మూడు గళ్లు నిండాకే నాలుగోది. ముందు చేతిలో ఉన్నది చూడండి. సమగ్ర శిక్ష కింద పిల్లల సంఖ్యను బట్టి ఏటా బడికి కాంపోజిట్ గ్రాంటు వస్తుంది: 31 నుంచి 100 మంది ఉంటే 25,000, 101 నుంచి 250 మంది ఉంటే 50,000, 251 నుంచి 1000 మంది ఉంటే 75,000 రూపాయలు. అందులో సుద్దముక్కలు, కరెంటు, మరమ్మతులు అన్నీ పోవాలి. అయినా పగిలిన సామాను స్థానంలో కొత్తది కొనడానికి కొంత తీసిపెట్టమని బడి కమిటీ సమావేశంలో తీర్మానం చేయించవచ్చు.

రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. చట్టంలోని జాబితాలో విద్య ఉంది, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలనీ ఉంది. సిమెంటు ఫ్యాక్టరీల పొరుగున ఉన్న బళ్లకు ఇది దయ కాదు, చట్టం చూపిన దారి. మూడోది జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015 చట్ట సవరణతో గనుల లీజుదారులు రాయల్టీలో కొంత శాతం దీనికి కట్టాలి. గనుల వల్ల ప్రభావితమైన ఊళ్లలో ప్రాధాన్య రంగాల్లో చదువు ఒకటి. ప్రతిపాదన గ్రామ సభ, బడి కమిటీ తీర్మానంతో కలెక్టరేట్‌కు వెళ్లాలి.

నాలుగోది అటల్ టింకరింగ్ ల్యాబ్. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇస్తూ వచ్చారు. 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో ఇంకో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు. 3డీ ప్రింటరు వచ్చే రోజు కోసం ఎదురుచూడకుండా ఇప్పటి నుంచే స్క్రూడ్రైవరు, టంకం, రంపం పట్టడం నేర్పించండి. చేతికి అలవాటు లేకపోతే ప్రింటరు కీచైన్ బొమ్మలు తయారు చేయడానికే పనికొస్తుంది.

ఎవరిని అడిగినా అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఇలా రాయండి:

“మా బడిలో 8, 9 తరగతుల పిల్లలు పాలిషింగ్ యూనిట్ల బురద నీటిని త్వరగా తేటపరచే పద్ధతి మీద ఆరు వారాలుగా పనిచేస్తున్నారు. వాళ్లు తీసిన కొలతల పట్టిక జత చేస్తున్నాం. ఇకపై బరువులు గ్రాముల్లో తూచే తక్కెడ ఒకటి, కొలత జాడీలు ఆరు, పీహెచ్ కాగితాలు కావాలి. ధరల పట్టిక జతపరిచాం. బాధ్యురాలు ఫలానా టీచరు. మార్చి మొదటి వారంలో పిల్లలే వచ్చి ఫలితాలు మీకు చూపిస్తారు.”

సైన్సు ల్యాబుకు సహకరించండి అని రాసిన వంద అర్జీల మధ్య ఇలాంటిది వెంటనే కనబడుతుంది. ఎందుకంటే అప్పటికే పని మొదలైంది. మార్చిలో మాట నిలబెట్టుకోండి. వచ్చే ఏడు అడిగే పని కూడా ఉండకపోవచ్చు.

6. హైదరాబాద్ విహారం

వికారాబాద్, తాండూరుల నుంచి నేరుగా రైలుంది. నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియం, పక్కనే సైన్సు మ్యూజియం ఉన్నాయి. అక్కడ యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం నిలబెట్టారు. జీవకణాలను చదివే సీసీఎంబీ, భూగర్భాన్ని చదివే ఎన్‌జీఆర్‌ఐ లాంటి జాతీయ ప్రయోగశాలలు విద్యార్థుల కోసం తలుపులు తెరిచే రోజులుంటాయి. సెప్టెంబరు 26న వాటిని నడిపే సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం, ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం దగ్గర పడుతుంటే ఆరా తీయండి. బయల్దేరే ముందు ఒక్కో బిడ్డ చేత రెండు ప్రశ్నలు రాయించండి. తిరిగొచ్చాక జవాబు దొరికినవి, దొరకనివి వేరుచేయించండి. దొరకనివే విలువైనవి. ఎన్‌జీఆర్‌ఐలో అడిగిన ప్రశ్నకు జవాబు తాండూరు క్వారీలో దొరకొచ్చు.

7. జాగ్రత్తలు, నిర్వహణ

పని జరుగుతున్న క్వారీలోకి, పేలుడు జరిపే చోటికి పిల్లలను తీసుకెళ్లకండి. యజమాని రాతపూర్వక అనుమతి, యంత్రాలు ఆగిన వేళ, పది మందికి ఒక పెద్ద మనిషి: ఈ మూడూ లేనిదే కదలొద్దు. వచ్చిన ప్రతి వస్తువుకూ పిల్లల్లోంచే ఒక బాధ్యుడిని పెట్టండి. స్టాక్ రిజిస్టరు పక్కనే వాడకం రిజిస్టరు ఉంచండి, ఏ వస్తువు ఎన్నిసార్లు బయటికొచ్చిందో అందులో రాయాలి. ఏడాది చివర వాడకం రిజిస్టరులో పేరు కనబడని వస్తువును పక్క బడికి ఇచ్చేయండి. పగులుతుందని భయపడి పిల్లలను తిట్టే బడిలో ఏదీ పగలదు, ఎందుకంటే ఏదీ బయటికి రాదు.

ఈ నెలలో చేయాల్సినవి

మొదటి వారం: తరగతిలో ప్రశ్నల పెట్టె పెట్టండి. ఊరి గురించిన ప్రశ్నలే వేయాలన్నది నియమం. శనివారం తెరిచి, చేసి చూడగలిగిన మూడింటిని పిల్లల ఓటుతో ఎంచండి.

రెండో వారం: ఆ మూడింటి సంగతి తెలిసిన మనుషుల జాబితా వేసి, ఒక్కరిని నలభై నిమిషాలకు పిలవండి.

మూడో వారం: ఒక ప్రశ్న మీద కొలతలు తీయడం మొదలుపెట్టండి. సీసా, దారం, రాయి, స్కేలు, గడియారంతో కుదిరేదే ఎంచుకోండి. తేదీతో పట్టిక రాయించండి.

నాలుగో వారం: జిల్లా సైన్స్ అధికారిని కలిసి ఏడాది క్యాలెండర్ తెచ్చుకోండి. పైన చూపిన నమూనాలో ఒక అర్జీ రాయండి, కానీ కొలతల పట్టిక లేకుండా పంపకండి.

ఇవి చేశాక మీ నోటుబుక్కు తెరిచి నాలుగో గడి లెక్క కట్టండి. మొదటి నెలలో అది కొన్ని వందలు దాటితే ఏదో ఒక ప్రశ్నను అవసరానికి మించి పెద్దది చేశారన్నమాట. దాన్ని మీ పిల్లలు ఈ సోమవారమే మొదలుపెట్టగలిగేంత చిన్నది చేయండి.